తరుగు

చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి పైకి రండి. మెట్లు ఇరుకు, మలుపులో బల్బు పోయింది, గోడ పట్టుకుని ఎక్కండి. ఈ వాసన అరిసెల పాకానిది. వంటింట్లో అక్కా వదినా పొయ్యి దగ్గరున్నారు. ఇప్పుడు పలకరించినా తల తిప్పరు, పాకం ముదిరిపోతుంది.

పైకొచ్చాక ఒక్క క్షణం నిలబడి చుట్టూ చూడండి. భోగి రాత్రి, తాడేపల్లి. ఉత్తరంగా కృష్ణకు అవతల ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి దీపాలు, కింద ప్రకాశం బ్యారేజీ మీద దీపాల వరస. దక్షిణాన మంగళగిరి కొండ చీకట్లో కలిసిపోయింది. హైవే మీద లారీల హోరు తెగదు. మధ్యమధ్యలో కృష్ణా కెనాల్ జంక్షన్ వైపు నుంచి రైలు కూత. తెల్లవారుజామున వేసిన భోగిమంటల కమురు ఇంకా గాలిలో ఉంది. నది మీంచి చలి వస్తోంది, ఆ మూలనున్న శాలువా కప్పుకోండి.

డాబా మధ్యలో పాత ఆకుపచ్చ దుప్పటి పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడే, ఆయన మా అన్నయ్య. డల్లాస్‌లో ఉద్యోగం, నాలుగేళ్ళ తర్వాత పండక్కి వచ్చాడు. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్న కుర్రాడు మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ రెండో ఏడు. పడక్కుర్చీలో మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన మా పెదనాన్న. గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేశాడు.

ఇదంతా ఎందుకంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర మేనల్లుడు ఓ మాటన్నాడు. రేపు స్నేహితులతో బరికి వెళ్తాడట. కోడిపందేలు చూడ్డానికి కాదు, పక్కన గుండాట బోర్డులు పెడతారు, అక్కడ రెండు వేలు పెట్టి చూస్తాడట. అక్క గరిటె పట్టుకుని లేచింది. నేను నోరెత్తలేదు. వాడికి చెప్పే హక్కు నాకు లేదనిపించింది. ఎందుకో తర్వాత చెబుతాను. అన్నయ్య మాత్రం తాపీగా పెరుగన్నం కలుపుకుంటూ, "వెళ్ళొద్దని నేననన్రా. రాత్రికి డాబా మీదికి రా, ఓ ఆట నేర్పిస్తా. నేర్చుకున్నాక నీ ఇష్టం" అన్నాడు.

ఆ ఆట పేరు క్రాప్స్.

చెయ్యి చాపండి, పాచికలు మీ అరచేతిలో పెడతాడు. ఎర్ర గాజుముక్కల్లా ఉన్నాయి కదూ! ఫోను లైటు పెట్టి చూస్తే అవతలి ముఖం మీది చుక్కలు కూడా కనిపిస్తాయి. లోపల బరువేదీ దాచడానికి వీల్లేకుండా ఇలా చేస్తారు. గోటితో గీకి చూడండి, చుక్క దగ్గర గుంట తగలదు. తవ్విన గుంటలో అంతే బరువున్న రంగు నింపి చదును చేస్తారు. అంచులు మొద్దుగా ఉండవు, వేలికి గుచ్చుకుంటాయి. ఒక్కో వైపు సుమారు 19 మిల్లీమీటర్లు. ఎదురెదురు ముఖాలు ఏవి కూడినా ఏడు. ఇవి వాడి పక్కన పెట్టినవి. మళ్ళీ ఎవరూ బల్ల మీదికి తేకుండా గుర్తు గీసి, క్యాసినోల వాళ్ళే దుకాణాల్లో అమ్ముతారు.

"అసలు బల్ల ఇంతుండదు. పన్నెండు, పధ్నాలుగు అడుగులుంటుంది. చుట్టూ గోడ, దాన్ని ఆనుకుని పదిమందికి పైగా నిలబడతారు" అంటున్నాడు అన్నయ్య. టెక్సాస్‌లో ఇలాంటి క్యాసినోలకు అనుమతి లేదు. డల్లాస్ వాళ్ళు గంటకు పైగా ఉత్తరానికి కారు తోలుకుని రెడ్ రివర్ దాటితే ఓక్లహామా, దాటగానే థాకర్‌విల్‌లో చికసా తెగవాళ్ళ విన్‌స్టార్. అక్కడా 2018లో చట్టం మారేదాకా నిజమైన పాచికలతో ఈ ఆట ఆడనిచ్చేవారు కాదు. మారిన కొత్తల్లో ఆఫీసు స్నేహితులతో వెళ్ళి, మొదటి రాత్రి రూపాయి పెట్టకుండా వెనక నిలబడి చూసొచ్చాడట. ఆ ఒక్క పనికి నేను అన్నయ్యని మెచ్చుకుంటాను.

పద్ధతులు ముందు. డబ్బు డీలరు చేతికివ్వకూడదు, బల్ల మీద పెట్టాలి; వాళ్ళు చిప్పులిస్తారు. పాచికలు ఒంటిచేత్తోనే పట్టుకోవాలి. విసిరితే అవి ఎదుటి గోడకు తగిలి వెనక్కి రావాలి. ఆ గోడకు గరుకు గరుకు రబ్బరు మొనలుంటాయి, ఎంత నేర్పుగా విసిరినా అక్కడ తగిలాక వాటి దారి వాటిదే. విసిరేవాణ్ణి షూటర్ అంటారు. షూటర్ వంతు అందరికీ తిరుగుతుంది, కానీ పందెం ఎవరి విసురు మీదైనా ఎవరైనా కాయొచ్చు. పొడుగాటి కర్రతో పాచికల్ని వెనక్కి లాగుతూ అరుస్తుండే మనిషి స్టిక్‌మ్యాన్. ఈ రాత్రి ఆ పని మా అన్నయ్యది, కర్ర బదులు బట్టలారేసే దండెం గెడ. మన చిప్పులు చింతపిక్కలు. మీ వంతుకు ఇరవై. ఒక్కోటి వంద రూపాయలనుకోండి.

"ముందు ఇది చూడండి" అని దుప్పటి పక్కన గచ్చు మీద సుద్దతో చుక్కలు పెడుతున్నాడు. రెండు పాచికలు పడితే మొత్తం 36 రకాలుగా పడొచ్చు. రెండు రావడానికి ఒకే దారి, ఒకటీ ఒకటీ. అక్కడ ఒక చుక్క. మూడుకి రెండు దారులు, రెండు చుక్కలు. నాలుగుకి మూడు, అయిదుకి నాలుగు, ఆరుకి అయిదు. ఏడుకి ఆరు. అక్కణ్ణుంచి మళ్ళీ దిగడం. ఎనిమిదికి అయిదు, తొమ్మిదికి నాలుగు, పదికి మూడు, పదకొండుకి రెండు, పన్నెండుకి ఒక్కటి.

అక్క ఇప్పుడే పళ్ళెంలో వేడి అరిసెలు పట్టుకుని పైకొచ్చింది. గచ్చు వంక చూసి ఆగింది.

"ఆరు చుక్కలు, సందుచుక్క, ఒకటి వచ్చేదాకా. ఈ ముగ్గు నేను రోజూ వేస్తాను" అంది.

మీరూ చూడండి, నిజంగా ముగ్గే. నడుమ ఆరు, అటూ ఇటూ తగ్గుతూ ఒక్కటి. మా మేనల్లుడు ప్రాబబిలిటీ పరీక్షలు రాసి ప్యాసయినవాడే, అయినా ఇప్పుడు వాడి ముఖం విచ్చుకున్నంతగా ఆ పుస్తకం చదివినప్పుడు విచ్చుకుని ఉండదు. ఈ ఆటలో ఏ పందెమైనా ఈ ముగ్గులోంచి చదువుకోవచ్చు. చుక్కలు లెక్కపెట్టుకుంటే చాలు.

సరే, మొదటి పందెం. బల్ల చుట్టూ సాగే పొడుగాటి పట్టీ, పాస్ లైన్. దాని మీద ఒక చింతపిక్క పెట్టండి. కుర్రాడూ ఒకటి పెట్టాడు. పాచికలు మీ చేతిలోనే ఉన్నాయి, విసరండి. ఆ పిట్టగోడకు తగలాలి.

అయిదూ ఆరూ. పదకొండు!

మొదటి విసురుని కమ్ అవుట్ అంటారు. అందులో ఏడు కానీ పదకొండు కానీ పడితే గెలిచినట్టే, పిక్కకి పిక్క. రెండు, మూడు, పన్నెండు పడితే పోయినట్టే. ఇంకేది పడినా ఆట తేలదు. ముగ్గు చూడండి. ఏడుకి ఆరు చుక్కలు, పదకొండుకి రెండు, మొత్తం ఎనిమిది గెలుపు. రెండుకి ఒకటి, మూడుకి రెండు, పన్నెండుకి ఒకటి, మొత్తం నాలుగు ఓటమి.

"ఎనిమిదికి నాలుగంటే మనకే లాభం కదా పెద్దమావయ్యా!" అంటున్నాడు కుర్రాడు.

"అందుకే మొదటి విసురు అంత తియ్యగా ఉంటుంది. మళ్ళీ వెయ్యండి."

రెండూ ఆరూ. ఎనిమిది. తేలలేదు. అన్నయ్య జేబులోంచి తెల్లటి బిళ్ళ తీసి, 8 అని రాసిన గడిలో పెట్టాడు. ఇక ఇదే పాయింట్. ఇప్పట్నుంచి రెండే రెండు సంగతులు లెక్కలోకొస్తాయి. ఏడు పడేలోపు మళ్ళీ ఎనిమిది పడితే గెలుపు. ఎనిమిది పడేలోపు ఏడు పడితే ఓటమి. మిగతావి ఎన్ని పడినా పాస్ లైన్‌కు సంబంధం లేదు. ఇందాక చుట్టంలా వచ్చిన ఏడు ఇప్పుడు అప్పులవాడిలా వస్తుంది. ఎనిమిదికి అయిదు చుక్కలు, ఏడుకి ఆరు. అదే నాలుగో పదో పాయింట్ అయివుంటే మూడు చుక్కలతో ఆరు చుక్కల మీద పోటీ.

వెయ్యండి. అయిదు. మళ్ళీ. పది. మళ్ళీ. మూడు. మళ్ళీ, ఆ పిక్కని చూడకుండా వెయ్యండి. తొమ్మిది. మీ గుండె కొట్టుకోవడం మీకే తెలుస్తోంది కదూ, పెట్టింది ఒక్క చింతపిక్క! మళ్ళీ. నాలుగూ మూడూ.

"సెవెన్ అవుట్" అని గెడతో పాచికలు లాగేశాడు అన్నయ్య. పిక్క పోయింది. మీ చెయ్యి అయిపోయింది, వంతు కుర్రాడిది.

పెదనాన్న పడక్కుర్చీలోంచి ముందుకు వంగాడు. "ఇంతకీ తరుగెంతరా?"

యార్డు మాట అది. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించాక కాటా వేస్తారు. గోనె బరువని, తేమని, మరేదో అని తూకంలోంచి కొంత కోస్తారు. ఆ కోతకు తరుగని పేరు. ధర ఎంత పలికిందని ఊరంతా అడుగుతుంది. తరుగెంతని అడిగేవాడు లెక్క తెలిసినవాడు. క్యాసినో లెక్కల్లో దీనికి వేరే పేరుంది కానీ, పెదనాన్న మాట కంటే సరైన మాట నాకు దొరకలేదు.

అన్నయ్య గచ్చు మీద రాస్తున్నాడు. పాస్ లైన్ పందెం 1980 సార్లు కాశామనుకుందాం. ముగ్గు ప్రకారం అన్నీ పడితే 976 గెలుపు, 1004 ఓటమి. తేడా 28. నూటికి 1 రూపాయి 41 పైసలు.

"తక్కువే. మరి ఎదురు కాసేవాళ్ళుండరా?"

ఉంటారు. డోంట్ పాస్ అని ఇంకో పట్టీ ఉంది. అక్కడ పెడితే పాస్ లైన్ వాళ్ళు గెలిస్తే మనం ఓడతాం, వాళ్ళు ఓడితే మనం గెలుస్తాం, ఒక్క మెలికతో. మొదటి విసురులో పన్నెండు పడితే వాళ్ళది పోతుంది, మనకు మాత్రం ఏమీ రాదు, పెట్టింది అలాగే ఉంటుంది. క్యాసినో తన వాటా తీసుకునేది ఆ ఒక్క చుక్కలో. నూటికి 1.36. పాస్ లైన్ కంటే కొద్దిగా మేలు. కానీ బల్లంతా షూటర్ కోసం కేకలేస్తుంటే ఒక్కరు ఏడు పడాలని కోరుకోవడం కష్టం, అందుకే ఎక్కువమంది అటు పోరు. పాయింట్ పడ్డాక ఆట మధ్యలో చేరాలనుకుంటే కమ్ అనే గడి ఉంది. అదీ పాస్ లైన్ లాంటిదే, మీకు మాత్రం తర్వాతి విసురే మొదటి విసురవుతుంది. దానికీ అంతే తరుగు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. బల్ల మీద ఎక్కడా గడి లేని పందెం ఒకటుంది. పాయింట్ పడ్డాక, పాస్ లైన్ మీదున్న మీ పిక్క వెనకాల ఇంకొన్ని పిక్కలు పెట్టుకోవచ్చు. ఆడ్స్ అంటారు. పాయింట్ నాలుగు కానీ పది కానీ అయితే వందకు రెండొందలిస్తారు. మూడు చుక్కల మీద ఆరు చుక్కలు కదా, సరిగ్గా అంతే. అయిదుకీ తొమ్మిదికీ రెండొందలకు మూడొందలు. ఆరుకీ ఎనిమిదికీ అయిదొందలకు ఆరొందలు. ముగ్గులో ఎంతుందో అంతే ఇస్తారు. తరుగు సున్నా.

పెదనాన్న నమ్మలేదు. "తరుగు లేకుండా కాటా వేసేవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు."

"పాస్ లైన్ మీద ముందే తీసేసుకున్నాడు పెదనాన్నా. అది పెట్టనిదే ఇది పెట్టనివ్వడు. పైగా ఇది పెడితే పోయేవీ వచ్చేవీ పెద్దపెద్ద మొత్తాలవుతాయి. పాస్ లైన్ మీద పోయేది దీనివల్ల తగ్గదు."

పెదనాన్న తల పంకించాడు. ఆయనకు సమాధానం నచ్చిందని కాదు, లెక్క సరిపోయిందని.

అరిసె తినండి, చల్లారితే గట్టిపడుతుంది. మిగతా గడులు గబగబా చూసేద్దాం. ఫీల్డ్ అని పెద్ద గడి, ఏడు అంకెలుంటాయి: రెండు, మూడు, నాలుగు, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. ఒక్క విసురుకే తేలిపోతుంది. అంకెలు ఎక్కువున్నాయని కొత్తవాళ్ళు అక్కడికే పోతారు. మీరు ముగ్గు చూడండి. అవన్నీ అంచు చుక్కలు, కలిపితే 16. వదిలేసిన నాలుగంకెలూ నడుమవి, 20 చుక్కలు. రెండుకీ పన్నెండుకీ రెట్టింపు ఇచ్చినా నూటికి 5.56 తరుగు. పన్నెండుకి మూడింతలిచ్చే చోట 2.78.

ప్లేస్ అంటే అంకెను మనమే ఎంచుకుని, ఏడుకంటే ముందు అది పడుతుందని కాయడం. ఆరు మీద 600 పెట్టి గెలిస్తే 700 ఇస్తారు. ముగ్గు ప్రకారం రావాల్సింది 720. నాలుగు మీద 500 పెడితే 900, రావాల్సింది వెయ్యి.

"అంటే గెలిచినోడి డబ్బులో కోస్తున్నారన్నమాట" అన్నాడు పెదనాన్న. అని కాసేపు ఆగి, "తెలివిగల పని. గెలిచినోడు కాటా చూసుకోడు" అన్నాడు.

నేను ఈ రాత్రి మొత్తంలో మీకు వినిపించాలనుకున్న మాట ఇదే. ఓడినప్పుడు పోయిందెంతో మనకు తెలుస్తుంది. గెలిచినప్పుడు చేతికి రానిదెంతో తెలియదు.

ఇక బల్ల నడిమధ్య, స్టిక్‌మ్యాన్ ముందుండే గడులు. ఆయన అరిచేదంతా వీటి గురించే. ఎనిమిది పడితే సరిపోదు, నాలుగూ నాలుగూ పడి ఎనిమిది అవ్వాలంటే అది హార్డ్ ఎయిట్. ఒక చుక్క మీద పది చుక్కలు, ఇచ్చేది మాత్రం తొమ్మిదింతలు. తరుగు నూటికి 9.09. రెండూ రెండూ నాలుగు అయితే 11.11. పన్నెండు మీద ముప్పై ఇంతలిచ్చే చోట 13.89. వచ్చే విసురులో ఏడు పడుతుందని కాస్తే నాలుగింతలిస్తారు, ముగ్గు ప్రకారం అయిదింతలు రావాలి, నూటికి 16.67. బల్ల మీద కేక ఎక్కడ ఎక్కువో తరుగూ అక్కడే ఎక్కువ. అన్నయ్య అక్కడి అరుపుల్ని అనుకరిస్తూ గెడ ఊపుతున్నాడు, కింద వీధిలోంచి ఎవరో తలెత్తి చూశారు.

వంతు కుర్రాడిది. వాడి చెయ్యి బాగుంది, అయిదు ఆటలు వరసగా గెలిచాడు. పిక్కలు గుట్టయ్యాయి. నిజంగానే పాచిక పారుతోంది. అన్నయ్య చెబుతున్నాడు: అట్లాంటిక్ సిటీలో బోర్గాటా అనే క్యాసినోలో 2009 మేలో ఒకావిడ ఏడుతో పోకుండా 154 విసుర్లు విసిరింది, 4 గంటల 18 నిమిషాలు. కుర్రాడి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. చెప్పకూడని కథ చెప్పాడేమో అని అన్నయ్య వంక చూశాను. కానీ అన్నయ్య గెడతో ముగ్గు మీద కొట్టి, "నూటయాభై మూడో విసురప్పుడు కూడా ఏడుకి ఇక్కడ ఎన్ని చుక్కలున్నాయిరా?" అన్నాడు.

"ఆరే."

"పాచికకి జ్ఞాపకం ఉండదు."

పెదనాన్న ఎప్పుడు కిందికి దిగాడో చూశారా? వస్తున్నాడు, ఆయాసపడుతూ. గుప్పిట్లో ఏదో ఉంది. మీ చేతిలో పోశాడు. ఎండి మట్టిరంగుకు తిరిగిన కాయలు, చేతికి మెత్తటి నూగు. తానికాయలు. పెద్దమ్మ త్రిఫల చూర్ణానికని కరక్కాయలతో, ఉసిరితో పాటు డబ్బాలో పోసి ఉంచినవి.

"ఇయ్యిరా అసలు పాచికలు. వేదకాలంలో వీటితోనే ఆడేవాళ్ళు. సంస్కృతంలో విభీతకం అంటారు. నలుడి కథ గుర్తుందా?"

అందరికీ గుర్తున్నది నలుడు ఓడిపోవడం, అడవిలో దమయంతిని వదిలేయడం. పెదనాన్న చెప్పేది తర్వాతి సంగతి. బాహుకుడి రూపంలో నలుడు ఋతుపర్ణుడి దగ్గర సారథి. దమయంతి రెండో స్వయంవరమని కబురొస్తే రథం తోలుకుని విదర్భకు పోతున్నారు. దారిలో ఓ తాండ్రచెట్టు, ఈ తానికాయల చెట్టే. ఋతుపర్ణుడు దాన్ని చూసి, ఎన్ని ఆకులో ఎన్ని కాయలో చెప్పేశాడు. నలుడు రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూసుకుంటే సరిపోయింది. అప్పుడు తన అశ్వహృదయం, అంటే గుర్రాల విద్య, ఇచ్చి ఋతుపర్ణుడి అక్షహృదయం, అంటే పాచికల విద్య, తీసుకున్నాడు. అది తెలియగానే ఒంట్లోంచి కలి బయటికొచ్చి ఆ చెట్టులోనే దూరాడు.

"పాచిక విద్య నేర్పమంటే చేతివాటం నేర్పలేదు చూశావా. లెక్కబెట్టడం నేర్పాడు" అన్నాడు పెదనాన్న. పండితులు ఇంకేమైనా చెప్పొచ్చు. యార్డు గుమాస్తా చెప్పిన అర్థం నాకు సరిపోయింది.

కుర్రాడు తానికాయ తిప్పి తిప్పి చూస్తున్నాడు. "కానీ రమ్మీ నైపుణ్యమని సుప్రీంకోర్టే చెప్పింది కదా తాతయ్యా" అన్నాడు. నిజమే, 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది, సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు మీద పెట్టిన కేసు. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి. ఆ తీర్పులోనే మూడు ముక్కల ఆట మాత్రం పూర్తిగా అదృష్టమేనంది. రెండు పాచికల ఆటలో నైపుణ్యం ఏముంది, ఏ గడిలో పెట్టకూడదో తెలియడం తప్ప? ఇక గుండాట సంగతి సరేసరి. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం అది నేరం. పండగ మూడు రోజులూ ఆ సంగతి అందరూ మరిచిపోతారు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను. కుర్రాడికి ఇదివరకెప్పుడూ చెప్పలేదు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఇలాంటి సంక్రాంతికే, డిగ్రీ పరీక్ష ఫీజుకని నాన్న ఇచ్చిన డబ్బు జేబులో ఉంది. పత్తి బాగా పండని ఏడాది అది, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చాడో నాకు తెలుసు. బరి పక్కన పెట్రోమాక్స్ లైటు కింద గుండాట పట్టా పరిచారు. ఆరు గడులు, ఆరు బొమ్మలు. డబ్బాలో మూడు పాచికలు గలగలలాడించి బోర్లిస్తారు. మన బొమ్మ ఒక పాచిక మీద పడితే పెట్టినంత, రెండింటి మీద పడితే రెండింతలు, మూడూ పడితే మూడింతలు. నేను అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. మూడు పాచికలు, ఆరు బొమ్మలు, అంటే సగానికి సగం. రెండూ మూడూ పడితే ఎక్కువిస్తున్నారు కాబట్టి మొగ్గు నావైపే. అంత గట్టిగా నమ్మాను. మూడు గంటల్లో ఫీజు మొత్తం పోయింది. ఎవరూ నన్ను మోసం చేయలేదు, పాచికల్లో ఏ మాయా లేదు. ఆ ఏడు పరీక్ష రాయలేదు. నాన్న ఏమీ అనలేదు. బతికున్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. తిట్టివుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

డాబా మీద ఎవరూ మాట్లాడటం లేదు. అక్క పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది.

"సగానికి సగమే కదా చిన్నమావయ్యా" అన్నాడు కుర్రాడు మెల్లగా. "నేనూ అంతే అనుకున్నాను."

"చుక్కలు పెట్టి చూడు" అన్నాడు అన్నయ్య, సుద్దముక్క విసిరి.

వాడు పిట్టగోడ దగ్గరికి వెళ్ళాడు. మీరూ ఫోను లైటు పట్టండి, అక్కడ చీకటి. మూడు పాచికలు మొత్తం 216 రకాలుగా పడతాయి. మన బొమ్మ ఒక్కదాని మీదా పడకుండా ఉండాలంటే అయిదు అయిదులు అయిదులు, 125. అక్కడే వాడి చెయ్యి ఆగింది. సగం 108. ఇది 125. మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్క పాచిక మీద పడేవి 75, రెండింటి మీద 15, మూడింటి మీద 1. వందేసి చొప్పున కాస్తే వచ్చేది 75, ముప్ఫై, మూడు. మొత్తం 108 వందలు. పోయేది 125 వందలు. తేడా పదిహేడు వందలు, 216 పందేలకి.

"నూటికి ఎనిమిదికి కాస్త తక్కువ తాతయ్యా. 7.87."

పెదనాన్న కళ్ళు మూసుకుని పెదవులు కదిలించాడు. "నిమిషానికోసారి డబ్బా బోర్లిస్తే గంటకి అరవై. ఆరు వేలు కాస్తావు. నాలుగొందల డెబ్బై పైచిలుకు తరుగు. గంటకి" అన్నాడు. తర్వాత, "యార్డులో అంత తరుగు తీస్తే రైతులు కాటా ఎత్తుకెళ్ళి కృష్ణలో పారేస్తారు" అన్నాడు.

కింద నుంచి వదిన పిలుస్తోంది. చింతపిక్కలు తెచ్చెయ్యాలట, పొద్దున పిల్లలు అష్టాచెమ్మా ఆడతారు. అన్నయ్య దుప్పటి నాలుగు కొసలూ పట్టి దులిపాడు. పాస్ లైనూ ఫీల్డూ అన్నీ పొడిపొడిగా లేచి చలిగాలిలో మంగళగిరి వైపు పోయాయి. పెదనాన్న తానికాయలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని జేబులో వేసుకుంటున్నాడు, పెద్దమ్మ డబ్బాలో తక్కువైతే ఊరుకోదు.

రండి, దిగుదాం. మెట్ల దగ్గర తల జాగ్రత్త. వాణ్ణి పిలవకండి, ఉండనివ్వండి. పిట్టగోడ మీద 125 కింద రెండు గీతలు గీశాడు, ఇప్పుడు పాచికలు నాలుగైతే ఎంతో చూస్తున్నాడు.